నాయుడుగారు మనవారేనా?

మా అనంతపురంలో వానలకు కరువు గాని క్రికెట్టుకు కరువు లేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే చాలు, మంచి సంవత్సరం అనుకునే సీమ ఇది. వర్షం వల్ల ఆట ఆగిపోయిందంటే తక్కిన వూళ్ళలో జనం ఉసూరుమంటారు. మా జిల్లాలో అయితే శెనక్కాయ వేసిన రైతు ఆట సంగతి మరిచిపోయి ఆకాశానికి దణ్ణం పెడతాడు. అటువంటి సందర్భాలు తక్కువ కనుక కుర్రవాళ్ళు ఎర్రమట్టి బీళ్ళలో ఏడాది పొడుగునా నిరాటంకంగా ఆడుకుంటూ వుంటారు.

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు మా వూళ్ళో జరిగినప్పుడు చూడాలి ఆ సంబరం! రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి మైదానానికి జనం తిరునాళ్ళకు పోయినట్టు పోయారు. శ్రేయస్ అయ్యరూ, రుతురాజ్ గైక్వాడూ చెరొక జట్టుకు కెప్టెన్లుగా వచ్చారు. అక్కడినుంచి ఎండకు నల్లబడి తిరిగి వచ్చిన మా పక్కింటి కుర్రవాడు, ఇంటరు చదువుతున్నాడు, తిన్నగా మా వసారాలోకి వచ్చి కూర్చున్నాడు.

"తాతా, ఇండియాకు మొట్టమొదటి కెప్టెను తెలుగాయనంట గదా! నిజమేనా?"

"నిజమే నాయనా. సి.కె. నాయుడుగారు."

"యా వూరు ఆయనది?"

"పుట్టింది నాగపూరు. కొలువూ, కాపురమూ, చివరికి పోవడమూ ఇండోరు."

"ఇంగ మనాయన ఎట్లయితాడు తాతా?"

ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. అందుకనే ఈ వారం పేజీ అంతా దానికే కేటాయిస్తున్నాను. క్రికెట్టు అంటే విసుగుపడే పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. ఇందులో ఆట కంటె రాజుల గొడవే ఎక్కువ వున్నది. రాజుల గొడవంటే ఎవరికి చేదు?

నాయుడుగారి పూర్తిపేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31న పుట్టారు. వారి పెద్దలు మచిలీపట్నం వైపునుంచి వెళ్ళి నాగపూరులో స్థిరపడిన తెలుగువారు. తాత నారాయణస్వామి నాయుడుగారు అక్కడ పేరుమోసిన వకీలు. తండ్రి సూర్యప్రకాశరావుగారు ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చదివి వచ్చారు. కలిగిన కుటుంబమే. కాని రాజ కుటుంబం కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితోనే మనకు పని.

ఆ రోజుల్లో బొంబాయిలో హిందువులూ, పార్సీలూ, ముస్లిములూ, యూరోపియన్లూ వేరువేరు జట్లుగా ఏటేటా పోటీలు ఆడేవారు. 1916లో యూరోపియన్ల మీద హిందువుల జట్టులో నాయుడుగారు మొదటిసారి దిగారు. అప్పటికే ఏడు వికెట్లు పోయి జట్టు చిక్కుల్లో వున్నది. తొమ్మిదో వాడుగా వెళ్ళి మొదటి మూడు బంతులూ వినయంగా ఆపారట. నాలుగో బంతి బౌండరీ అవతల పడింది! అప్పటినుంచి నలభై ఏళ్ళపాటు ఆయన పద్ధతి అదే. ముందు మర్యాద, తరువాత సిక్సరు.

1923లో ఇండోరు మహారాజా హోల్కరు ఆయనను పిలిపించి తన సైన్యంలో హోదా ఇచ్చి వుంచుకున్నారు. కర్నల్ సి.కె. నాయుడు అనే పేరు అట్లా వచ్చింది. ఆయన తుపాకి పట్టిన సంగతి మనకు అక్కరలేదు గాని బ్యాటు పట్టిన సంగతి 1926లో దేశమంతటికీ తెలిసింది.

ఆ సంవత్సరం ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు ఇంగ్లండునుంచి వచ్చింది. ఎం.సి.సి. అంటే అప్పట్లో క్రికెట్టుకు సుప్రీంకోర్టు వంటిది. వారు చెప్పిందే చట్టం. బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల మీద ఆడి వాళ్ళు ముందుగా 363 పరుగులు చేశారు. మనవాళ్ళు ఎంత చేస్తారులే అని వాళ్ళ ధీమా. ఆ జింఖానాలో సభ్యత్వం తెల్లవారికే. మనవాళ్ళు మైదానంలో ఆడవచ్చు గాని మేడలో కూర్చోడానికి వీల్లేదు. అటువంటి చోట నాయుడుగారు రెండు గంటలైనా నిండకుండా 153 పరుగులు కొట్టారు. అందులో పదకొండు సిక్సర్లు! ఒక ఇన్నింగ్సులో అన్ని సిక్సర్లు అప్పటికి ఎవరూ కొట్టి ఎరగరు. ఒక బంతి జింఖానా కప్పు మీద పడిందంటారు. సభ్యత్వం లేకపోయినా ఆయన కొట్టిన బంతికి ప్రవేశం దొరికిందన్నమాట. ఈ ఆట సంగతి తెలిసి జనం ఆఫీసులూ దుకాణాలూ వదిలి పరుగెత్తుకు వచ్చారనీ, చెట్లెక్కి చూశారనీ చెప్పుకుంటారు. ఎం.సి.సి. వారు మెచ్చి వెండి బ్యాటు బహూకరించారు. గిల్లిగన్ దొర, మీకు ఒక బోర్డు వుంటే మీరు కూడా టెస్టులు ఆడవచ్చునని ప్రోత్సహించాడు. 1928లో మన బోర్డు ఏర్పడింది.

ఇక్కడినుంచి రాజులు ప్రవేశిస్తారు.

1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడడానికి ఇంగ్లండు బయలుదేరింది. కెప్టెన్ ఎవరు? ఈ రోజుల్లో అయితే బాగా ఆడేవాడూ, పదిమందినీ నడపగలవాడూ అంటాము. ఆ రోజుల్లో ఎవరికి ఎన్ని తుపాకుల సలాము వున్నదో చూసేవారు. పోరుబందరు మహారాజా కెప్టెను, లింబ్డి రాకుమారుడు వైస్ కెప్టెను. పోరుబందరు వారు ఆ పర్యటనలో బ్యాటు పట్టింది బహు తక్కువ. పెద్ద మ్యాచీలలో ఆయన చేసినవి మొత్తం రెండంటే రెండు పరుగులు. ఆయన దగ్గర వున్న రోల్స్ రాయిస్ కార్ల సంఖ్య అంతకంటె ఎక్కువని అప్పటి హాస్యగాళ్ళు రాశారు.

అయితే మహారాజావారిని నవ్వుకుని వదిలేయడం న్యాయం కాదు. లార్డ్స్ మైదానంలో టెస్టు దగ్గర పడేసరికి ఆయన తన ఆట ఏపాటిదో తానే తేల్చుకున్నారు. వైస్ కెప్టెనుకు దెబ్బ తగిలింది. ఆయన తప్పుకుని నాయుడుగారికి నాయకత్వం అప్పగించారు. సింహాసనం మీద కూర్చున్నవాడు తనంతట తాను దిగడం మన చరిత్రలో ఎన్నిసార్లు చూశాం?

చిత్రమేమిటంటే, గొడవ చేసింది రాజులు కాదు, జట్టులోని ఆటగాళ్ళే. ఆటకు ముందు రాత్రి కొందరు మహారాజా దగ్గరికి పోయి నాయుడు కింద మేము ఆడం అన్నారు. మాలాంటి వాడే గదా, అతని మాట మేమెందుకు వినాలి అని కాబోలు. రాజు చెబితే వినడానికి అభ్యంతరం లేదు, సాటివాడు చెబితేనే నామోషీ. ఆ కబురు తంతి ద్వారా పాటియాలా మహారాజాకు చేరితే, నోరు మూసుకుని ఆడండి అన్న ధోరణిలో ఉత్తర్వు వచ్చింది. నాయుడుగారిది చాలా కఠినమైన క్రమశిక్షణ, ఆయనతో చనువు చేయడం కష్టం అని కూడా అంటారు. నిజమే కావచ్చు. కాని ఇష్టం లేకపోవడానికి అసలు కారణం అది మాత్రమే అని నేను నమ్మను.

1932 జూన్ 25. ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకుంది. ఒకణ్ణి పరుగులో పట్టేస్తే, మిగిలిన ఇద్దర్నీ మహమ్మద్ నిస్సార్ పడగొట్టాడు. ఆ పూట లండనులో ఎవరి నోట విన్నా అదే మాటట. నాయుడుగారు ఫీల్డింగులో చేతికి గాయం చేసుకున్నారు. ఆ చేత్తోనే బ్యాటింగుకు దిగి 40 పరుగులు చేశారు; మొదటి ఇన్నింగ్సులో మనవాళ్ళలో అదే ఎక్కువ. చివరికి 158 పరుగుల తేడాతో ఓడిపోయాము. కాని మొత్తం పర్యటనలో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. ఇంగ్లండులో క్రికెట్టుకు పంచాంగం వంటి విజ్డెన్ గ్రంథం 1933 సంచికలో ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఆయనను చేర్చింది. బర్మింగ్‌హామ్‌లో కొట్టిన ఒక సిక్సరు ఏరు దాటి పక్క జిల్లాలో పడిందని కూడా కథ వున్నది. మా జిల్లా ఏళ్ళు ఎలాగూ ఎండి వుంటాయి కనుక దాటడం అంత గొప్ప అనిపించదు గాని, అక్కడి ఏట్లో నీళ్ళు వుంటాయి!

ఒక్క సంగతి ఇక్కడ చెప్పాలి. మనమీద పెత్తనం చేస్తున్న ఇంగ్లండు కూడా ఈ విషయంలో మనకంటె మెరుగు కాదు. వారిలో ఆటగాళ్ళు రెండు కులాలు: డబ్బు తీసుకోకుండా ఆడే దొరలు, జీతానికి ఆడేవారు. ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా దొరలకే టెస్టు కెప్టెన్సీ. జీతగాడైన లెన్ హటన్‌కు అది దక్కింది 1952లో, అదీ మన జట్టు మీద ఆడేటప్పుడే.

1933-34లో ఇంగ్లండు జట్టు ఇక్కడికి వచ్చినప్పుడూ నాయుడుగారే కెప్టెన్. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ 118 కొట్టి మన దేశానికి మొదటి టెస్టు సెంచరీ తెచ్చిన నాడు, అవతలి వైపు నిలబడి 67 పరుగులు చేసిన పెద్దమనిషి ఈయనే. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. అది కూడా ఏడేళ్ళ కిందట పదకొండు సిక్సర్లు కొట్టిన ఆ జింఖానా మైదానమే. ఆయన నాయకత్వం వహించినవి మొత్తం నాలుగు టెస్టులు: మూడు ఓడిపోయాము, ఒకటి డ్రా. గెలిచింది లేదు. లెక్కల పుస్తకం మాత్రమే చూసే వారికి ఆయన సామాన్యమైన కెప్టెను.

1936లో మళ్ళీ ఇంగ్లండు పర్యటన. ఈసారి కెప్టెన్సీ నాయుడుగారి దగ్గరనుంచి మరొక తెలుగాయనకు పోయింది. అవునండీ, తెలుగాయనే! విజయనగరం సంస్థానం రాజుగారి రెండో కుమారుడు విజయానంద గజపతిరాజు, లోకం నోట 'విజ్జీ'. కాశీలో కాపురం. క్రికెట్టు మీద ఆయన ప్రేమను శంకించడానికి వీల్లేదు. 1930లో సొంత ఖర్చుతో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటి వాళ్ళను మన దేశానికి పిలిపించి ఆడించాడు. కాని పెళ్ళిభోజనం పెట్టినాయన తానే పెళ్ళికొడుకునని పీటల మీద కూర్చుంటే ఎట్లా? పలుకుబడి వుపయోగించి కెప్టెన్ అయ్యాడు. మూడు టెస్టుల్లోనూ కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. మధ్యలో సర్ బిరుదు కూడా పుచ్చుకున్నాడు. జట్టు రెండు ముఠాలయింది. అమర్‌నాథ్‌ను పర్యటన సగంలో ఇంటికి పంపేశారు. ఫలహారాల బల్ల దగ్గర నాయుడుగారిని అవమానించినందుకు ప్రతిఫలంగా ఒకరికి టెస్టులో చోటు దొరికిందని ఈనాటికీ చెప్పుకుంటారు.

ఆ జట్టులో తెలుగువాళ్ళు నలుగురున్నారు. విజ్జీ, నాయుడుగారు, ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు, మద్రాసునుంచి కోటా రామస్వామి. మద్రాసులో మనవాళ్ళకు క్రికెట్టు నేర్పిన బుచ్చిబాబు నాయుడుగారి కొడుకే ఈ రామస్వామి. నలభయ్యో ఏట మాంచెస్టరులో మొదటి టెస్టు ఆడి 40, 60 కొట్టాడు. అదే టెస్టులో విదేశీ గడ్డ మీద మనకు మొదటి సెంచరీ తెచ్చిన ముస్తాక్ అలీని ఇండోరులో పిల్లవాడుగా వున్నప్పుడు చేరదీసి తర్ఫీదు ఇచ్చింది నాయుడుగారు. తెలుగు అభిమానం గురించి ఉపన్యాసాలిచ్చే మిత్రులకు నేను 1936 సంగతి గుర్తు చేస్తూ వుంటాను. తెలుగువాడి నోటి దగ్గర కూడు లాగింది తెలుగువాడే. నలభై ఏళ్ళ వయసులో ఆ అవమానమంతా దిగమింగి నాయుడుగారు ఆడారు. ఓవల్ మైదానంలో గబ్బీ ఆలెన్ విసిరిన బంతి ఒంటికి గట్టిగా తగిలింది. రుద్దుకోను కూడా లేదంటారు. 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, చివరి టెస్టూ అదే.

మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. మా పక్కింటి కుర్రవాడు వింటే, ఇంతేనా అంటాడు. ఈ కాలపు ఆటగాడు ఒక్క వేసవిలో అంతకంటె ఎక్కువ చేస్తాడు. కాని మనకు టెస్టు హోదా వచ్చేనాటికే ఆయనకు ముప్పై ఆరేళ్ళు నిండాయి. పండే వయసంతా వానకు ఎదురుచూడడంతోనే గడిచిపోయింది. ఆ బాధ ఏమిటో మా సీమవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఫస్ట్‌క్లాస్ ఆటలన్నీ కలిపి చూస్తే లెక్క మారుతుంది: 207 మ్యాచీలు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. హోల్కరు జట్టుకు నాలుగుసార్లు రంజీ కప్పు తెచ్చిపెట్టారు. యాభయ్యో ఏట బరోడా మీద 200 కొట్టారు. యాభై దాటాక బొంబాయి మీద ఆడుతూ వుంటే దత్తూ ఫడ్కర్ వేసిన బంతికి పళ్ళు రెండు వూడిపోయాయి. వాటిని పిచ్ మీదనుంచి పక్కకు తుడిచేసి, నెమ్మదిగా వేయకు, ఎప్పటిలాగే వెయ్యి అన్నారట. మన ఇళ్ళలో ఆ వయసువారు వేరుశెనగ ఉండ కొరకడానికే జంకుతారు. 1941లోనే బాత్‌గేట్ వారి లివర్ టానిక్కు ప్రకటనలో ఆయన బొమ్మ వేశారు. మన క్రికెట్టు ఆటగాళ్ళలో ప్రకటనకెక్కిన మొదటి మనిషి ఆయనే. కాబట్టి ఈ రోజు టీవీలో ప్రతి సీసా మీదా, ప్రతి పొట్లం మీదా ఆటగాడి ముఖం కనిపించి విసుగు పుడితే దానికి కూడా నాయుడుగారే బాధ్యులు. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆయన కుమార్తె చంద్రా నాయుడు మన దేశంలో క్రికెట్టు వ్యాఖ్యానం చెప్పిన మొదటి మహిళ.

ఆయన కెప్టెన్సీ వల్ల ఏమి ఒరిగిందని ఎవరైనా అడిగితే నేను లార్డ్స్ దాకా పోను. మా జిల్లాలో నార్పల దగ్గర బండ్లపల్లి వున్నది. 2006లో ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదట ప్రారంభమైన వూరు. కరువు పని అంటే ఏమిటో తెలిసిన వూరు కనుకనే అక్కడ ప్రారంభించారు. ఆ వూరి పిల్ల బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద ఇండియాకు ఆడింది. ఆమె ఏ సంస్థానం తాలూకు అని ఎవరూ అడగలేదు. ఎంత వేగంగా బంతి తిప్పుతుంది, ఎక్కడ వేస్తుంది అని మాత్రమే అడిగారు. 1932లో లార్డ్స్‌లో ఆ రాత్రి తిరగబడిన ఆటగాళ్ళ మాట నెగ్గి వుంటే ఇంత దూరం రావడానికి ఇంకెన్నాళ్ళు పట్టేదో!

ఇంక మనవాడెట్లయితాడన్న ప్రశ్న మిగిలింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు మద్రాసు జట్టులో ఒక మూల చోటుకోసం కాచుకున్న మన జిల్లాల కుర్రవాళ్ళకు సొంత జట్టు వచ్చింది. ఆ 1953-54లోనే ఆంధ్ర మొదటిసారి రంజీ ట్రోఫీలో దిగింది. గెలుస్తుందని ఎవరికీ ఆశ లేదు. పేరున్న ఆటగాళ్ళూ లేరు. పట్టుమని ఏడాది ముందువరకు హోల్కరుకు కప్పులు తెచ్చి పెడుతున్న నాయుడుగారికి అటువంటి జట్టుతో పనేమిటి? యాభై ఎనిమిదేళ్ళవాడు, ఏనాడూ ఈ గడ్డ మీద కాపురం చేయనివాడు, ఇండోరులో హాయిగా కుర్చీలో కూర్చోవచ్చు. కాని ఆ మొదటి ఆంధ్ర జట్టును మైదానంలోకి నడిపించిన కెప్టెన్ సి.కె. నాయుడుగారే.